చెప్పింది, పడింది

నేను ఒక పిస్తోలును. అయ్యయ్యో, లేచిపోకండి! నాలో మందుగుండు లేదు, నేను పేలేది గాలితో. పుట్టి పదకొండేళ్ళయినా దోమను చంపిన పాపం కూడా ఎరగను. పది మీటర్ల దూరంలో బిగించిన కాగితానికి చిల్లులు పెట్టడం నా వృత్తి. ఈ దేశంలో కాగితానికి చిల్లు పెట్టి, దారం కట్టి, సంతకం చేయడం ఎంత పెద్ద ఉద్యోగమో సచివాలయం వాళ్ళ చేతిలో పడ్డాకే నాకు తెలిసింది.

నేను పుట్టింది మంచు కురిసే దేశంలో. కళ్ళద్దాల ముసలాయన ఒకడు నన్ను ఇనప పట్టులో బిగించి ఐదుసార్లు పేల్చాడు. ఐదు సీసపు గుండ్లూ ఒకే చిల్లులోంచి దూరిపోయాయి. ఆ కాగితాన్ని మడిచి నా పెట్టెలోనే పెట్టారు. అది నా జాతకం. మనిషి చెయ్యి తగలనంత కాలం నా వల్ల తప్పు జరగదని దానర్థం. ఆ తర్వాత జరిగిన తప్పులన్నీ ఎవరి ఖాతాలోకి వెళ్తాయో మీరే తేల్చుకోండి.

నన్ను తెప్పించుకున్న మొదటి యజమాని వేదాద్రి గారు. ఒక రాష్ట్ర ప్రభుత్వంలో, ఆర్థిక శాఖలో జాయింట్ సెక్రటరీ. ఏ రాష్ట్రమని అడక్కండి. చెప్పబోయేది అప్పుల సంగతి కాబట్టి మీరు ఏ రాష్ట్రాన్ని అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ప్రతి శనివారం సాయంత్రం స్టేడియం వెనక రేకుల షెడ్డులో ఉన్న షూటింగ్ రేంజికి ఆయన వచ్చేవారు. నల్ల కళ్ళద్దాలు, తెల్ల బూట్లు, చూడ్డానికి ఒలింపిక్స్ నుంచి నేరుగా దిగినట్టుండేవారు. కాల్చడం మొదలుపెట్టాకే కథ అంతా. గుండు ఎడమకి పడితే గురి చూసుకునే నా వెనక సైటు మీదున్న మరను కుడికి తిప్పేవారు. తర్వాతది కుడికి పడితే ఎడమకి తిప్పేవారు. తన వేలు వణికిందేమో అన్న అనుమానం ఆయనకి ఒక్కనాడూ రాలేదు. నన్ను అటూ ఇటూ తిప్పీ తిప్పీ, మార్చి నెల వచ్చేసరికి నా చూపు మెల్లకన్నయ్యేది.

ఆయన డైరీలో మూడు గడులుండేవి. ఏప్రిల్లో 'అంచనా: 560' అని రాసేవారు. అక్టోబరులో 'సవరించిన అంచనా: 530'. మార్చిలో 'వాస్తవం: 487'. మొత్తం ఆరు వందలకి, అరవై గుండ్లకి ఆట. మరి మళ్ళీ ఏప్రిల్లో బుద్ధి వచ్చి తగ్గించి రాస్తారనుకుంటున్నారా? 'అంచనా: 570'. పైగా ఆ పేజీ కింద నవ్వుతూ సంతకం కూడా!

ఒక శనివారం ఆయన సంతకం కోసం ఫైలు పట్టుకుని సెక్షన్ ఆఫీసర్ ఎస్తేరు రాణి రేంజికి వచ్చింది. బాపట్ల పక్క మనిషి. నలభై దాటుతున్న వయసు, చేతిలో టిఫిన్ బుట్ట, ముఖం మీద ఎప్పుడూ ఏదో కూడిక. సారు మంచి ఊపుమీదున్నారేమో, "మీరూ ఒకటి కొట్టి చూడండి ఎస్తేరు గారూ, సరదాగా" అని నన్ను ఆమె చేతిలో పెట్టారు. ఆమె ఊపిరి బిగబట్టి, కళ్ళు చికిలించి కొట్టింది. పది! నల్లటి వలయం నట్టనడుమ. సారు ముఖం చూడాలి మీరు. ఫైలు మీద సంతకం పెట్టకుండానే ఇంటికెళ్ళిపోయారు.

అది గుడ్డి అదృష్టమని నాకు తెలుసు. ఆ తర్వాత నెలరోజులు ఆమెకి పది పడనే లేదు. అయినా ఆమె వదల్లేదు. పెద్ద సార్లందరూ గోల్ఫుకి వెళ్ళడం మొదలుపెట్టేసరికి వేదాద్రి గారూ ఇటు చేతులు దులుపుకుని అటు వెళ్ళారు. నన్ను ఎస్తేరు కొనుక్కుంది.

కొనుక్కుని ఏం చేసింది? అచ్చం సారు చేసిందే. ఎడమకి పడితే కుడికి తిప్పడం. అదే ఆఫీసు, అదే అలవాటు. నా ఖర్మ అనుకున్నాను.

అక్కడ కోచ్ అప్పలసూరి గారు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి, శ్రీకాకుళం వైపు ఊరు. వారం రోజులు చూసీ చూసీ ఆయన అరిచాడు.

"ఏటమ్మా ఆ తిప్పుడు? సైటేటి సేసింది నిన్ను? తప్పు ఏలుది. శిచ్చ సైటుకా?"

మర్నాడు వాళ్ళ మనవరాలి గోళ్ళరంగు సీసా పట్టుకొచ్చి, నా మర మీద ఎర్రటి చుక్క పెట్టి బిగించేశాడు. ఆ చుక్క చెదిరితే రేంజిలోకి రానివ్వనన్నాడు. ఆమె సారులాగే రాసుకుంటున్న మూడు గడుల పుస్తకాన్ని లాక్కుని, కొత్త పుస్తకంలో రెండే గడులు గీశాడు. ఒకటి 'చెప్పింది', రెండోది 'పడింది'.

పద్ధతి ఏమిటంటే, గుండు వదిలాక కాగితం చూడకూడదు. ముందు నోటితో చెప్పాలి, అది ఎక్కడికి వెళ్ళి ఉంటుందో. 'తొమ్మిది, కుడి.' 'ఏడు, కింద.' చెప్పింది రాసుకున్నాకే తాడు లాగి కాగితం దగ్గరికి తెచ్చుకుని, పడింది రాయాలి.

"పది కొట్టడం తరవాత సంగతి. నువ్వు సెప్పిందీ, అక్కడ పడ్డదీ ఒకటవ్వాల. అప్పుడు నీ ఏలు నీకు తెలిసినట్టు" అనేవాడాయన.

మొదట్లో ఆమె ప్రతిదానికీ 'తొమ్మిది' అనేది. పడేది ఆరు. మనుషులకి తమమీద తమకి ఎంత దయ! మూడు నెలలకి ఆ దయ తగ్గింది. ఆరు కొట్టి ఆరని చెప్పడం వచ్చింది. ఆరని చెప్పడం వచ్చాక ఆరు పడటం మానేసింది, చిత్రం. 498 కాస్తా 517 అయింది. తర్వాత 531.

కానీ మంగళవారం వచ్చిందంటే చాలు, ఆమె చెయ్యి వణికేది.

ఎందుకంటే రాష్ట్రాలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకునే వేలం మంగళవారం. ఆ కాగితాలు తయారుచేసేది ఎస్తేరు సెక్షనే. మంగళవారం అప్పు చేస్తే తీరదని ఇళ్ళల్లో ఆడవాళ్ళు పావు కిలో పంచదార కూడా అడగరు. ఇక్కడ వారం వారం వేల కోట్లు. ఒకరోజు నన్ను బల్లమీద పెట్టేసి ఆమె మాస్టారుతో అంది.

"పాత అప్పుల వడ్డీ కట్టడానికే కొత్త అప్పు చేస్తున్నాం మాస్టారూ. అది చాలదని కార్పొరేషన్ల పేరుమీద ఇంకొంత తెస్తున్నారు. అది మన అప్పు కాదంట. కార్పొరేషనుదంట. దానికి రూపాయి ఆదాయం లేదు. వడ్డీ కట్టేది మనమే."

అప్పలసూరి గారు గడ్డం గోక్కున్నాడు. "అంటే మన గుండు పక్కోడి కాయితం మీద కొట్టేసి, నా కాయితం సుబ్బరంగా ఉంది సూడండి అన్నట్టు."

"అదే మాస్టారూ! అచ్చం అదే!" ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. "మా పిల్లలు కాదు, వాళ్ళ పిల్లలు కడతారు ఇది. నాకు నిద్ర పట్టట్లేదు."

"నిద్ర పట్టకపోతే ఏలు వణుకుద్ది. ముందు సైటు మీద సూపెట్టు. దూరంగా ఉన్న టార్గెట్టు మసగ్గా ఉండాల, సేతిలో ఉన్నది తేటగా కనపడాల."

సచివాలయంలో దీనికి పూర్తిగా తలకిందులు. ఇరవై ఏళ్ళ తర్వాతి బంగారు లక్ష్యం తేటతెల్లంగా కనపడుతుంది, ఈ నెల జీతాలు మసకమసగ్గా ఉంటాయి. పైకి అనలేను కానీ, వాళ్ళందరినీ ఒక వారం అప్పలసూరి గారి దగ్గర నిలబెడితే బావుండుననిపించేది.

ఆ నవంబరులో రాష్ట్ర పోటీలు. అందులో 540 దాటితే జాతీయ పోటీలకి ఎంపిక. ఎస్తేరుకి దానిమీద ఎంత ఆశో మీకు చెప్పాలి. ఆమె ఇరవై ఏళ్ళుగా రాసిన ఏ కాగితం మీదా ఆమె పేరు లేదు. రాసేది ఆమె, పైకి వెళ్ళేసరికి అది 'శాఖ' అభిప్రాయం. వేసే అంకె ఆమెది, మధ్యలో నలుగురు దాన్ని సవరిస్తారు. "ఒక్కసారి, ఒకే ఒక్క లిస్టులో నా పేరు, పక్కన నా అంకె ఉండాలి మాస్టారూ. ఎవరూ సవరించనిది" అనేది. పోటీలకి నెల ముందు ఒక శనివారం 541 కొట్టింది. మాస్టారు రేంజిలో ఉన్నవాళ్ళందరికీ మిర్చిబజ్జీలు తినిపించాడు. నేనైతే జాతీయ పోటీల ఫొటోల్లో ఎటు తిరిగి నిలబడితే బావుంటానో కూడా ఆలోచించుకున్నాను.

అంతలో శాసనసభలో అప్పుల మీద ప్రశ్న వచ్చింది. జవాబు వేదాద్రి గారిది, వెనక జతచేసే అనుబంధం ఎస్తేరుది. రెండు గడుల పట్టిక టైపు చేసింది. ఒక గడిలో పద్దుల్లో చూపించిన అప్పు, రెండో గడిలో కార్పొరేషన్లతో కలిపి నిజంగా ఉన్న అప్పు. పైన తలకట్టు పెట్టాల్సి వచ్చినప్పుడు చేతి అలవాటుకొద్దీ వేళ్ళు వాటంతట అవే టైపు చేశాయి. 'చెప్పింది: రెండు లక్షల పది వేల కోట్లు. పడింది: మూడు లక్షల ఎనిమిది వేల కోట్లు.'

ఆమె చూసుకుంది. దిద్దబోయి ఆగింది. ఆ సాయంత్రం రేంజికి పోవాలని నా పెట్టె ఆమె కుర్చీ పక్కనే ఉంది కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు. ఎక్కడా తప్పు లేదు కదా అనుకుందో ఏమో, అలాగే పంపించేసింది. సారు గోల్ఫుకి టైమవుతోందని కింద సంతకం పెట్టేశారు.

మూడోరోజు ప్రతిపక్ష సభ్యుడొకాయన లేచి చదివాడు. "అధ్యక్షా! చెప్పింది ఇంత, పడింది ఇంత అని ప్రభుత్వమే రాసుకుంది. పడింది అంటే ఎవరి నెత్తిన పడింది అధ్యక్షా?"

ఇక టీవీల్లో ఒకటే మోత. వేదాద్రి గారు ఎస్తేరుని పిలిచారు.

"ఏంటమ్మా ఇది? 'పడింది' ఏంటి?"

"అలవాట్లో వచ్చేసింది సార్. అంకె మాత్రం కరెక్టే."

"అంకె సంగతి ఎవరడిగారు? నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అనుబంధం చదివినవాణ్ణి చూడలేదు. ఎవడు చదివాడమ్మా దాన్ని?" పాపం, ఆయనకి అసలు బాధ అది.

సంతకం ఆయనదే కాబట్టి ఎస్తేరుని ఏమీ అనలేకపోయారు. ప్రభుత్వం మాత్రం ఒప్పుకోక తప్పలేదు. అప్పు ఎక్కువైన మాట నిజమే, పొదుపు చేస్తాం అని ప్రకటించింది. కమిటీ వేసింది. కమిటీ వారం రోజులు కూర్చుని మూడు ఖర్చులు కోసింది. మీటింగుల్లో బిస్కెట్లు, ప్రముఖులకిచ్చే పూలగుత్తులు, ఆటల గ్రాంటు. మూడోదాంట్లో మా రేంజి కరెంటూ, అప్పలసూరి గారి గౌరవ వేతనం, నవంబరు పోటీలూ మొత్తం కొట్టుకుపోయాయి. 'తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా.'

ఆ ఫైలు నడవాల్సింది ఏ సెక్షన్ నుంచి? ఎస్తేరు సెక్షన్ నుంచే. ఆమే లెక్కకట్టింది. ఈ మూడూ ఆపితే ఏడాదికి మిగిలేది రాష్ట్రం కట్టే వడ్డీలో అరగంట వాటా. ఆ ముక్క కూడా నోట్‌లో రాసింది. ఈసారి మాత్రం ఎవరూ చదవలేదు. వేదాద్రి గారు సంతకం చేస్తూ, "నాకూ బాధే ఎస్తేరు గారూ, నేనూ షూటర్నే కదా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పోనీ అని 'పడింది' ముక్క దిద్దేసి ఉంటే మన సొమ్మేం పోయేది! నిజం చెప్పినందుకు తగలాల్సినవాళ్ళకి గీత కూడా పడలేదు, దెబ్బ మనకే తగిలింది. తాళం వేసిన షెడ్డు ముందు, స్కూటరు మీద నా పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు రాదు కానీ, ఆవేళ వచ్చి ఉంటే బావుండుననిపించింది.

అప్పలసూరి గారు ఊరికి వెళ్ళిపోయారు. నన్ను ఆమె ఇంటికి తీసుకెళ్ళింది. నాలో గాలి నింపే సిలిండరు రేంజిలోనే ఉండిపోయింది, కాబట్టి ఇప్పుడు నేను ఒట్టి ఖాళీని. ఇక బీరువాలో చీరల మధ్య పడుకోవడమే అనుకున్నాను.

లేదు. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, వంటింటి తెల్లగోడ ముందు నిలబడుతుంది. గుండు లేదు, గాలి లేదు, ఎదురుగా కాగితం కూడా లేదు. అరవైసార్లు చెయ్యి ఎత్తి, సైటు చూసి, ట్రిగ్గరు నొక్కుతుంది. 'టిక్' మంటాను, అంతే. పక్కన స్టీలు డబ్బాకి ఆనించిన ఫోన్లో మాస్టారు. వెనకాల ఎక్కడో మేక అరుస్తూ ఉంటుంది.

నిన్న ముప్పై ఏడోదో ముప్పై ఎనిమిదోదో అయింది. 'టిక్' మన్నాను.

"ఎక్కడికెల్లిందమ్మా?" అన్నారాయన.

వెళ్ళడానికి ఏముంది? నేనైతే ఠక్కున 'పది' అనేదాన్ని. అరవైకి అరవై పదులు చెప్పినా అడిగేవాడు లేడు, లాగి చూడటానికి కాగితం లేదు. ఇంత సుఖం సచివాలయంలో కూడా ఉండదు.

ఆమె చెయ్యి దించి, గోడవంక చూసింది.

"ఏడు మాస్టారూ. ఎడమ పక్క, కిందకి. వేలు లాగేశాను."

నిజమే. లాగేసింది. ఆ సంగతి ఆమెకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"రాసుకో" అన్నారాయన.

'చెప్పింది' గడిలో ఏడు వేసింది. 'పడింది' గడి ఖాళీగా వదిలేసి, నన్ను మళ్ళీ ఎత్తింది.