పన్నెండో నెల పుస్తకం

పదకొండు నెలలు బాగానే జరిగిపోయినాయి. కమాల్ బాషాకు తంటా అంతా డిసెంబరుతోనే వచ్చింది.

ప్రొద్దుటూరులో బడి వ్యాను తోలే మనిషికి పొద్దున పిల్లోళ్ళను దించినాక సాయంత్రం దాకా పనుండదు. మిగతా డ్రైవర్లు వ్యాను నీడలో తుండుగుడ్డ పరుచుకొని పేకాడతారు, లేదంటే సెల్లులో బొమ్మలు చూస్తారు. బాషా మాత్రం నడుచుకుంటా పోయి శాఖా గ్రంథాలయంలో కూచుంటాడు. కువైట్‌లో పద్నాలుగేండ్లు ఒక షేకు ఇంట్లో కారు తోలినప్పుడు, ఇంటి నుంచి వచ్చే ఊరగాయ సీసాలకు చుట్టిన తెలుగు పేపరు ముక్కలను గూడా నూనె మరకల మధ్య వెతుక్కుని చదివిన మనిషాయన. అట్లాంటోడికి గదినిండా పుస్తకాలు ఊరకే దొరికితే ఇంగ యాడికి పోతాడు.

ఆ గ్రంథాలయం చూసుకునే ఎస్తర్ మేడం దినమూ జమ్మలమడుగు నుంచి బస్సులో వస్తాది. మనిషి మంచిదే గానీ రూలంటే రూలు. జనవరిలో ఆమె గోడకు ఒక చార్టు అంటిచ్చింది. నెలకొక అంశం, ఆ అంశం మీద ఒక పుస్తకం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాల, నెలాఖరు ఆదివారం అందరి ముందరా నిలబడి ఐదు నిమిషాలు దాని గురించి చెప్పాల. చెప్తే పేరు ఎదురుగా ఎర్ర స్టారు. పన్నెండు స్టార్లొస్తే సర్టిఫికెట్టు. పేర్లిచ్చినోళ్ళు ఇరవై ముగ్గురు. మార్చి దాటేలోపల సగం మంది మెల్లగా జారుకున్నారు.

బాషా జారుకోలేదు. ప్రయాణాల పుస్తకమన్నారు, చదివినాడు. ఆడమనిషి రాసిందన్నారు, చదివినాడు. మనం పుట్టకముందు అచ్చయిన పుస్తకమన్న నెలలో దుమ్ముకు తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రజేసుకుని మరీ చదివినాడు. ఏడో తరగతి సగంలో బడి మానేసి మెకానిక్ షెడ్డుకు పోయినోడికి తన పేరు రాసిన సర్టిఫికెట్టు అంటూ ఇంతవరకూ ఒక్కటీ లేదు. డ్రైవింగు లైసెన్సు లెక్కలోకి రాదు గదా. యాభై ఆరేండ్ల వయసులో ఆ కాగితం మీద ఎంత ఆశ పుట్టిందంటే, దాన్ని తగిలించనీకి ముందుగదిలో మేకు గూడా కొట్టి పెట్టుకున్నాడు.

డిసెంబరు అంశం వచ్చింది. "మీకు తెలిసిన మనిషి రాసిన పుస్తకం."

"తెలిసిన మనిషంటే పేపర్లో చూసినోళ్ళు కాదు," అనింది ఎస్తర్ మేడం. "మీరు మాట్లాడిన మనిషై ఉండాల. మీ ఎదురుగా కూచుని టీ తాగిన మనిషై ఉండాల."

మనకు తెలిసినోళ్ళలో పుస్తకం రాసిన పుణ్యాత్ముడు ఎవుడుండాడప్పా అని బాషా తల పట్టుకున్నాడు. బట్టలంగడి గఫూరు శానాసేపు ఆలోచించి పులివెందుల చెన్నయ్య సారు పేరు చెప్పినాడు. ఏడో తరగతిలో బాషాకు లెక్కలు చెప్పిన సారే ఆయన. రిటైరయి సొంతూరు చేరి, ముత్తాత క్రైస్తవంలో కలిసినకాడి నుంచి వంశం కథంతా రాసి అచ్చేయించినాడంట. బాషా సెలవు పెట్టి పులివెందుల బస్సెక్కినాడు. సారు గుర్తుపట్టినాడు, కాఫీ ఇచ్చినాడు, రెండు గంటలు మాట్లాడినాడు. పుస్తకం మాత్రం లేదు. మూడు వందల కాపీలేయిస్తే అన్నీ మనవరాలి పెండ్లికొచ్చినోళ్ళకు పంచేసినారంట.

"జమ్మలమడుగులో మా తోడల్లుడి కాడ ఒకటుండాల, పోయి చూడు నాయనా," అన్నాడు సారు.

మరుసటి ఆదివారం బాషా జమ్మలమడుగులో దిగినాడు. "ఉండాదప్పా, యాడికి పోతాది," అని ఆ తోడల్లుడు బీరువా కాలు చూపించినాడు. బీరువా ఊగకుండా దాని కిందే పెట్టినాడు పుస్తకాన్ని. ఇద్దరూ కలిసి బీరువా ఎత్తి లాగి చూస్తే మధ్యలో నలభై పేజీలు చెదలు తినేసినాయి. మొదటి పేజీ ఉండాది, చివరి పేజీ ఉండాది, నడుమ వంశమంతా మట్టైపోయింది. బాషా మళ్ళీ దాన్ని జాగ్రత్తగా బీరువా కింద పెట్టించి బస్సెక్కినాడు.

ఇంటికొచ్చి పెండ్లాం ముందర మొరపెట్టుకున్నాడు. జానీబీ ముందుగదిలో మిషను ముందర కూచుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడతాండాది. ఆ వీధిలో ఆడోళ్ళందరి జాకెట్లూ ఆమె చేతి కిందనుంచి పోవాల్సిందే.

"అంతదూరం పోయింది బీరువా ఎత్తనీకా నౌషీన్ అబ్బా," అనింది ఆమె. కూతురు పుట్టినప్పటినుంచీ మొగుణ్ణి అట్లే పిలుస్తాది.

"నవ్వు, నవ్వు. పుస్తకం పట్టిందానివి కాదు, నా బాధ నీకేం తెలుస్తాది."

జానీబీ నోట్లో దారం ఉండాది. పంటితో తెంపి, ఇంకో హుక్కు అందుకునింది.

క్రిస్మస్‌కు బడికి సెలవులిచ్చినారు. పండగ రెండు దినాలుందనగా జానీబీ ఒక పెండ్లివారింటికి కొలతలు తీసుకోనీకి రాజుపాలెం పోయింది. ఆమె అట్ల పోయిందో లేదో వెనకవీధి సుందరమ్మ ఫోను. సుందరమ్మ రిటైరయిన నర్సు, గ్రంథాలయం చార్టులో గూడా ఉండాది, అప్పటికి ఎనిమిది స్టార్లు.

"బాషా, నా పండగ జాకెట్టు అయిందా లేదా? మీ ఆమె ఫోనెత్తల్యా."

"చూసి చెప్తానక్కా," అని బాషా మిషను సొరుగు తీసినాడు. జానీబీ కొలతలు రాసుకునే పుస్తకం అందులోనే ఉంటాది. మూడు లాంగ్ నోటుబుక్కులను మిషను మీదే కలిపి కుట్టి, పైన పాత లంగాగుడ్డ అట్టేసింది. సుందరమ్మ పేరు దొరికింది. పొడవు, భుజం, నడుము, చెయ్యి, అంకెలన్నీ ఉండాయి. వాటి కింద సన్నటి అక్షరాలతో ఇంకో వరుస ఉండాది. "ఎడమ భుజం వాలింది. లోపల మెత్త పెట్టాల. ఆమెకు చెప్పగూడదు."

బాషా పక్క పేజీ తిప్పినాడు. తిప్పకుండా ఉండాల్సింది. మిషను పక్కన నేలమీద కూచుని మొదటి పేజీకి పోయినాడు.

"చందన. పెండ్లికి. వదులుగా ఉండాలని పిల్ల, బిగుతుగా ఉండాలని తల్లి. పిల్ల మాటే విన్నా." నాలుగు నెలల తర్వాత మళ్ళీ చందన. "నడుము రెండించీలు తగ్గింది. బాగుండావా అంటే నవ్వింది. లోపల గుడ్డ ఎక్కువ వదిలినా, మళ్ళీ లావైనప్పుడు విప్పుకోనీకి." ఇంకో రెండేండ్లకు చందన, "విప్పమని తెచ్చింది. కడుపుతో ఉండాది. శానా సంతోషం." ఒక ముసలామె పేరు కింద, "ఇంగ కొత్తది వద్దంట. పాతదే బిగిచ్చి ఇమ్మనింది." ఆ పేరు తర్వాత ఏ పేజీలోనూ రాలేదు.

బాషా అన్నం తినలేదు. ఈ పదకొండు నెలల్లో చదివిన ఏ పుస్తకమూ ఆయన్ను ఇట్ల పట్టుకోలేదు. వీధంతా అందులోనే ఉండాది. దినమూ వ్యాను తోలుకుంటా పోయే వీధే, కానీ ఆయనకు తెలిసింది తలుపులు మాత్రమే. చివరికొచ్చినాక పుస్తకం తిరగేసినాడు. వెనక అట్టవైపు నుంచి తలకిందులుగా ఇంకో రెండు పేజీలు రాసుండాయి. పైన ఆయన పేరే ఉండాది.

ఆ రెండు పేజీలూ చదివేసరికి బాషాకు కండ్లు కనపడలేదు. అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడుచుకున్న చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు.

జానీబీ ఇంట్లోకి అడుగుపెట్టేటప్పటికి ఆయన ఇంకా నేలమీదే ఉండాడు. "జానీ, దొరికింది," అన్నాడు. "పన్నెండో పుస్తకం. నాకు తెలిసిన మనిషి రాసింది. నా ఎదురుగా కూచుని టీ తాగే మనిషి."

జానీబీ చేతిసంచి కింద పెట్టింది. మొగుడి చేతిలో పుస్తకం చూసింది. ఆమె మొకం అట్ల కావడం బాషా ఎప్పుడూ చూడలేదు.

"మూసెయ్యి."

"జానీ, ఇది మామూలు..."

"ఆడోళ్ళు చేతులెత్తి నా ముందర నిలబడ్తారు. నీ ముందర కాదు. నువ్వు దీన్ని చదివినావని తెలిస్తే ఒక్కతె గూడా ఈ గడప తొక్కదు. తొక్కకపోయినా బతుకుతా. వాళ్ళ మొకాలు ఎట్ల చూడాల నేను?"

బాషా పుస్తకం మూసినాడు. చదివేటప్పుడు ఆ మాట ఒక్కసారి గూడా తట్టలేదు ఆయనకు. పుస్తకాన్ని ఆమె చేతికిచ్చినాడు. "తప్పయిపోయింది," అన్నాడు. "ఎవరికీ చెప్పను. చచ్చినా చెప్పను." వెనకవైపు రెండు పేజీల గురించి అడగాలని ఉండాది గానీ, అడిగే మొకం లేదు. ఆ దినం నుంచి జానీబీ పుస్తకాన్ని సొరుగులో పెట్టడం మానేసి యాడికి పోయినా సంచిలో వేసుకుని పోతాండాది. ఇంట్లో దొంగోడుండాడని సుందరమ్మతో అనిందంట. ఏం పోయిందని సుందరమ్మ అడిగితే చెప్పలేదంట.

నెలాఖరు ఆదివారం చర్చి ముగిసినాక ఎస్తర్ మేడం గ్రంథాలయం తెరిచింది. చివరి నెల గాబట్టి ఇంటోళ్ళను గూడా పిలుచుకోని రమ్మనింది. జానీబీ రాననింది. సుందరమ్మ పండగ జాకెట్టు వేసుకొని వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరూ వెనక బెంచీలో కూచున్నారు. బాషా కండ్లు వద్దన్నా సుందరమ్మ ఎడమ భుజం మీదికే పోయినాయి. భుజం సమంగా, చక్కగా ఉండాది. గబుక్కున గోడ వైపు తిరిగినాడు. గోడమీద చార్టులో ఆయన పేరు ఎదురుగా పదకొండు స్టార్లుండాయి, చివరి గడి తెల్లగా ఉండాది.

"బాషన్నా, మీ పుస్తకం," అనింది ఎస్తర్ మేడం.

బాషా లేచినాడు. "చదివినా మేడం. మొదటి పేజీ నుంచి చివరిదాకా."

"పేరేంది?"

"చెప్పలేను."

"అందులో ఏముందో చెప్పండి."

"అదీ చెప్పలేను మేడం. అడగకుండా చదివినా. అది నా తప్పు. రాసిన మనిషి నాకు బాగా తెలుసనుకుంటా ఉంటి. అంత బాగా తెలీదని చదివినాక తెలిసింది. ఆ ఒక్క ముక్కే చెప్పగలను."

ఎవరో నవ్వినారు. ఎస్తర్ మేడం నవ్వలేదు. చేతిలో స్టార్ల కాగితాన్ని బల్లమీద పెట్టింది. ఏడాదంతా ముందు బెంచీలో కూచున్న మనిషికి కాదనడం ఆమెకూ కష్టంగానే ఉండాది. "రూలు మీకూ తెలుసు గదన్నా. చెప్పకపోతే స్టారు ఇయ్యలేను."

"ఇయ్యద్దు మేడం," అని బాషా కూచున్నాడు. ముందుగదిలో మేకు గుర్తొచ్చింది. ఇంటికి పోతానే పీకేద్దాం అనుకున్నాడు.

వెనక బెంచీ కిర్రుమనింది. జానీబీ లేచి నిలబడింది. సంచిలోంచి లంగాగుడ్డ అట్ట పుస్తకం తీసింది.

"మేడం, ఆయన చదివింది ఇదే. నేను జాకెట్లు కుట్టే కొలతల పుస్తకం. ముందువైపు ఉండేటివి ఆడోళ్ళవి, అవి ఎవరికీ చెప్పేటివి కాదు. స్టారు పోతాదని తెలిసీ ఆయన ఒక్క పేరు గూడా చెప్పలేదు, మీరే చూసినారు. ఇంగ నా గడప తొక్కేదీ మానేదీ మీ ఇష్టం." పుస్తకం తిరగేసింది. "వెనకవైపు ఉండేటివి ఆయనవే. మగోని కొలతలకు పర్దా ఏముంది. ఆయన ఒప్పుకుంటే నేను చదువుతా."

అందరూ బాషా వైపు తిరిగినారు. ఆయన తల ఊపినాడు.

జానీబీ చదివింది. బడి పిల్ల మాదిరి ఒక్కో మాటకూ ఆగి ఆగి చదివింది. "కువైట్ పోయే ముందర. పొడవు ఇరవై తొమ్మిది, నడుము ముప్పై ఆరు. రెండో ఏడు. రంజానుకు చొక్కా పంపాల, మనిషి లేడు. ఫోటో చూసినా, గుండీ కాడ లాగుతాండాది. ముప్పై ఎనిమిది పెట్టినా. మూడో ఏడు. అరబ్బోళ్ళ కూడు బాగా పట్టినట్టుంది. ముప్పై తొమ్మిది."

జనం నవ్వినారు. బాషా గూడా నవ్వినాడు.

"ఆరో ఏడు. ఫోటో పంపలేదు. ఫోన్లో బాగుండా, శానా తింటాండా అన్నాడు. గొంతు అట్ల లేదు. అడిగితే చెప్పడు. నడుము ముప్పై మూడు పెట్టినా. కాకపోతే బాగుండు."

ఇప్పుడెవరూ నవ్వలేదు. ఆ ఏడు బాషాకు కామెర్లు వచ్చినాయి. ఇరవై రెండు దినాలు ఆసుపత్రిలో ఉండాడు. ఇంట్లో భయపడ్తారని ఆ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రంజానుకు ముద్దనూరు మనిషొకడు చొక్కా తెచ్చిస్తే వేసుకున్నాడు, చక్కగా సరిపోయింది. ఫోను చేసి, కొలత తీసి కుట్టినట్టుందే అంటే జానీబీ ఊఁ అనింది, అంతే. అప్పుడు తన అదృష్టం అనుకున్నాడు బాషా. పద్నాలుగేండ్లూ అదృష్టమే అనుకున్నాడు, ఎంత మొద్దు మనిషో చూడండి.

జానీబీ పద్నాలుగో ఏడు దాకా చదివి పుస్తకం మూసింది.

"అంతేనా?" అనింది ఎస్తర్ మేడం.

"అంతే మేడం."

అంతే కాదు. దాని కింద ఇంకో వరుస ఉండాది. అది బాషాకు తెలుసు, రాసినామెకు తెలుసు. "వచ్చేసినాడు. అంగట్లో రెడీమేడ్ చొక్కాలు నాలుగు కొనుక్కున్నాడు." ఆ తర్వాత ఐదేండ్లకూ ఒక్క అక్షరం లేదు. ఊరోళ్ళ జాకెట్లతోనే ఆమెకు తీరిక లేదు, నా చొక్కాతో ఇంకో పని ఎందుకని కొనుక్కున్నాడు ఆ మనిషి.

ఎస్తర్ మేడం చార్టు దగ్గరికి పోయి తెల్లగడిలో ఎర్ర స్టారు అంటిచ్చింది. తర్వాత సర్టిఫికెట్టు ఇచ్చినారు, చప్పట్లు కొట్టినారు, సుందరమ్మ కేకు పంచింది. బాషా ఆ కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుని, ఇంటికి పోయే దారిలో గఫూరు అంగడి ముందర ఆగినాడు. నీలం గీతల గుడ్డ రెండున్నర మీటర్లు చింపించినాడు.

"ఎవరికి?" అనింది జానీబీ.

"ఇంటికి పదా చెప్తా."

ఇంట్లో సర్టిఫికెట్టు మేకుకు తగిలించలేదు. అట్లే మంచం మీద పడేసి, మిషను ముందరికి పోయి రెండు చేతులూ ఎత్తి నిలబడినాడు. జానీబీ ఆయన్ను చూసింది, గుడ్డను చూసింది. మెడలో టేపు తీసి నడుము చుట్టూ వేసింది. ఆమె తల ఆయన గుండెల కాడికే వస్తాది.

"నలభై ఒకటి," అనింది.

"అబద్ధం."

"టేపు అబద్ధం చెప్తాదా. పొట్ట లోపలికి పీల్చొద్దు, మామూలుగా నిలబడు."

పొడవు తీసింది, భుజం తీసింది, చెయ్యి తీసింది. ఎంతకీ టేపు వదల్లేదు. తర్వాత పుస్తకం తిరగేసి, ఐదేండ్ల కిందటి వరుస కింద రాసుకునింది. బాషా తల పక్కకు తిప్పుకున్నాడు.

"నీ పేజీనే గదా, చదువు," అని పుస్తకం ఆయన వైపు జరిపింది.

అంకెల కింద సన్నటి అక్షరాలతో ఒకే వరుస ఉండాది. "ఈసారి టేపుతో తీసినా."