అరుగు మీద జీడి గీత

కుళాయి మలుపు దగ్గర నూకాలమ్మ ఆగి వెనక్కి తిరిగింది. భుజాన అన్నం గిన్నె ఉన్న సంచి, చేతిలో గొడుగు, ఎనిమిదింటికల్లా గేటు లోపల ఉండాలన్న తొందర. పదడుగుల వెనక కర్రోడు నిలబడిపోయాడు. కర్రోడంటే ఆమె పెంచుకున్న కుక్క. ఒళ్లంతా నలుపు, మూతి ఒక్కటే నెరిసింది. ఏడేళ్లుగా జీడి ఫ్యాక్టరీ గేటు దాకా ఆమె వెంట వచ్చి, ఆమె లోపలికి వెళ్లాకే కదిలేవాడు. సాయంత్రం గేటు తెరిచేసరికి మళ్లీ అక్కడే ఉండేవాడు. అలాంటివాడు వారం రోజులుగా ఈ కుళాయి దాటడం లేదు.

వాడు ఆమెను చూశాడు. తర్వాత ఇంటివైపు చూశాడు.

"ఎల్లు. దాని కాడికే ఎల్లు," అంది నూకాలమ్మ.

కర్రోడు తోక ఒకసారి ఆడించి, వెనుదిరిగి నెమ్మదిగా పోయాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అదంటే బుల్లి. నెల కిందట ఆమె మొగుడు బంగారయ్య పూండి స్టేషను దగ్గర నుంచి తన ఆటోలో వేసుకొచ్చిన ఆడకుక్క. వెనక కాలు విరిగి, ఒంటినిండా గజ్జితో ఆటో స్టాండులో పడి ఉంది. అందరూ దాని పక్కనుంచి దాటుకుపోతుంటే ఈయనగారికే జాలి పొంగుకొచ్చింది. పలాసలో పశువుల డాక్టరు చేత కట్టు కట్టించి, వెనక సీట్లో దుప్పటి పరిచి, కొత్తపెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు.

"ఇంట్లో ఒకడున్నాడు గదా మావా. ఆడు దీన్ని బతకనిత్తాడా?" అంది నూకాలమ్మ ఆవేళ.

పైకి భయపడినట్టే అన్నా, లోపల ఆమెకు కావలసింది ఆ కొట్లాటే. కర్రోడి సంగతి ఆమెకు తెలుసు. పక్కింటి కోడి ఆమె చెప్పుల మీద ఎక్కినా ఊరుకునేవాడు కాదు. వీధిలో నలుగురు తమాషా చూడ్డానికి చేరారు. కర్రోడు ఆటో దగ్గరికి వెళ్లి బుల్లి మూతి వాసన చూశాడు, కాలికట్టు వాసన చూశాడు, మొక్కుబడిగా ఒకసారి గుర్రుమన్నాడు. అంతే, ఆటో నీడలో దాని పక్కన చతికిలబడ్డాడు.

"కర్రోడికి సవితి ఒచ్చిందనుకున్నాం గాని, నీకొచ్చినట్టుందే నూకాలూ," అన్నాడు బంగారయ్య.

అందరూ నవ్వారు. నూకాలమ్మ కూడా నవ్వింది. ఆ మాట మాత్రం ఆమె లోపల ఎక్కడో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

ఆరుగురు ఆడపిల్లల్లో మూడోది నూకాలమ్మ. పుట్టింట్లో ఆమె అన్నం తిన్నదో లేదో అడిగినవాళ్లు లేరు. బంగారయ్య మంచివాడే, కానీ పొద్దస్తమానం ఆటోలో తిరిగేవాడు ఎవరికోసం కాచుకుంటాడు? తిత్లీ తుఫాను వెళ్లిన మర్నాడు, పెరట్లో కూలిన పనసచెట్టు కింద, అప్పటికే బాగా ఎదిగిన కర్రోడు దొరికాడు. ఊరంతా జీడితోటలు పడిపోయి, ఏం తినాలో ఎవరికీ తెలియని రోజులవి. ఉన్న గంజిలో సగం వాడికి పోసింది. తనకోసం ఒక ప్రాణి గేటు దగ్గర కూర్చుని ఎదురుచూడడం ఎలా ఉంటుందో ఆమెకు ఆ తర్వాతే తెలిసింది. ఇప్పుడు ఆ ఎదురుచూపుని ఒక కుంటికుక్క వచ్చి ఉత్తపుణ్యానికి పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు.

ఫ్యాక్టరీలో చేతులకు ఆముదం రాసుకుని, దానిమీద బూడిద అద్దుకుని మిషను ముందు కూర్చుంది. కాలితో తొక్కి, చేత్తో మీట లాగితే కత్తుల మధ్య జీడిపిక్క విచ్చుకుంటుంది. లోపలి పప్పును విరక్కుండా సూదితో బయటికి తీయాలి. ఇరవయ్యేళ్ల పనికి ఆమె వేళ్లు జీడినూనెలో నల్లబడి, గోళ్ల చుట్టూ చర్మం బెరడులా గట్టిపడిపోయింది. కళ్లు మూసుకుని కొట్టినా పప్పు చీలకుండా గుడ్డుగానే బయటికి తీసే చెయ్యి ఆవేళ బద్దల మీద బద్దలు తీసింది.

పక్క మిషను మీదున్న బేబి అది చూసింది.

"ఏటే, అలాగున్నావు? నీ కర్రోడు ఈయేళా రానేదా?"

"ఆడికి కొత్త సుట్టం ఒచ్చింది గదా. నాతో పనేటి?"

"ముసిలోడైపోనాడే. నడవనేకపోతన్నాడేమో, ఒకపాలి సూసుకో."

"నడవనేకేం? దాని ఎనకాల బాగానే తిరగతన్నాడు," అంది నూకాలమ్మ. మీట మరీ గట్టిగా లాగింది.

మూడు రోజుల కిందట చేసిన పని ఆమె బేబికి చెప్పలేదు. వానలు పడే ముందు తలుపులకీ ద్వారబంధాలకీ జీడినూనె పూయడం ఆ ఊళ్లో ఇంటింటా ఉన్నదే. చెదపురుగు దాని దగ్గరికి రాదు. నూకాలమ్మ కూడా ఒక సీసాడు తెచ్చి ద్వారబంధానికి పూసింది. అడుగున కొంచెం మిగిలింది. అరుగు మూల కర్రోడు పడుకునే గోనెసంచి ఉంది. ముందురోజు బుల్లి ఆ సంచి మీద తల పెట్టుకుని నిద్రపోవడం ఆమె చూసింది. కర్రోడు దానికి చోటిచ్చి, తను గచ్చు మీద ముడుచుకున్నాడు. మిగిలిన నూనెలో గుడ్డపీలిక ముంచి సంచి చుట్టూ బెత్తెడు వెడల్పున గీత గీసింది. పచ్చి జీడినూనె ఘాటు కొత్తకుక్క భరించలేదు, కర్రోడికైతే ఏడేళ్లుగా తన చేతుల వాసన అలవాటేనని ఆమె లెక్క.

ఆమె చేతుల మీద ఉండేది ఆముదంలో, బూడిదలో కలిసి విరిగిపోయిన వాసన. గీతలో ఉన్నది ఒళ్లు బొబ్బలెక్కించే పచ్చినూనె. కర్రోడు దాని ముందు ఆగి తుమ్మాడు. వెళ్లి పెరట్లో జీడిచెట్టు కింద, బుల్లి పక్కన పడుకున్నాడు. సంచి ఖాళీగా ఉండిపోయింది. అది కూడా బుల్లి తప్పేనని ఆమె తేల్చుకుంది.

సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. గేటు దగ్గర కర్రోడు లేడు. చూడకూడదనుకుంటూనే అటూ ఇటూ చూసి, ఇంటిదారి పట్టింది. వాడు ఈరోజు ముద్ద కోసం వస్తే పెట్టకూడదని ఒక మలుపు దాకా అనుకుంది. తర్వాతి మలుపులో గిన్నె అడుగున మిగిల్చిన చేపముక్క గుర్తొచ్చింది. మధ్యాహ్నం తినేటప్పుడు ఎందుకో మిగిల్చింది అది.

ఇంటిముందు ఆటో ఆగి ఉంది. ఆ వేళప్పుడు అది పూండి రోడ్డు మీద ఉండాలి. బంగారయ్య మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"బెగి ఒచ్చీసినావేటి మావా?"

అతను జీడిచెట్టు వైపు చూశాడు. అక్కడ కర్రోడు పక్కకి ఒరిగి పడుకున్నాడు, మీద తువ్వాలు కప్పి ఉంది. బుల్లి వాడి వీపుకి ఆనుకుని కూర్చుంది, జల్లుకి తడుస్తూ.

"మద్దేనం పోనాడే. నీళ్లెట్టాను, తాగనేదు. వారం బట్టీ ఎనక కాళ్లు ఈడుత్తన్నాడు. నువ్వు సూసేవుంటావనుకున్నాను."

నూకాలమ్మ భుజాన ఉన్న అన్నం సంచి మెట్టు మీద దించింది.

"పొద్దున నిన్ను ఒగ్గేసి ఒచ్చి, రెండుమార్లు అరుగెక్కబోనాడు. సంచి కాడికి ఎల్లడం, దిగిపోడం. ఎత్తి పడుకోబెడదామంటే ఒప్పుకోనేదు. నూనె కంపుకేమో అనుకున్నాను. సెదలకి అరుగంతా ఎందుకు పూసినావే?"

"సెదలకి కాదు మావా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. లేచి, గడ్డపార తేవడానికి లోపలికి వెళ్లాడు. ఆమె జీడిచెట్టు కింద కూలబడింది. కుళాయి దగ్గర వాడు ఇంటివైపు చూసింది బుల్లి కోసం కాదు. ఆమెను సాగనంపడానికి వాడికి ఉన్న ఓపికంతా అక్కడికే అయిపోయింది, తిరిగి ఇల్లు చేరగలనా అని చూసుకున్నాడు. దానికి ఆమె అన్న చివరి మాట, దాని కాడికే ఎల్లమని. ఆ మాట తలచుకుని వాడి నెరిసిన మూతి పట్టుకుని ఏడ్చింది. ఏడేళ్లలో వాడి మూతిని ఆమె ఒట్టి చేత్తో తాకడం అదే మొదలు. జీడి అంటుతుందని ఎప్పుడూ మోచేత్తోనే నిమిరేది.

ఆ చెట్టు కిందే పాతిపెట్టారు. తర్వాత నూకాలమ్మ బూడిద, కొబ్బరిపీచు, కిరసనాయిలు తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. చీకటిపడేదాకా తోమింది. జీడి మరక పోదని ఆమెకంటే తెలిసినవాళ్లెవరు? అయినా తోమింది. చేపముక్క తీసి సంచి మీద పెట్టి, మొదటిసారి పేరుతో పిలిచింది.

"రావే, బుల్లీ."

బుల్లి మూడుకాళ్ల మీద మెట్టెక్కి వచ్చింది. గీత దగ్గర ఆగి, వాసన చూసి, వెనక్కి జరిగి ఆమె కాళ్ల దగ్గర పడుకుంది. నూకాలమ్మ దాన్ని తోసెయ్యలేదు. నల్లటి గీత నడుమ గోనెసంచి అలాగే ఉంది, వాడు ముడుచుకు పడుకున్నంత మేరా గుంటపడి, ఆ గుంటలో నాలుగు నల్లటి వెంట్రుకలతో.