మచ్చ ఉన్నచోట పొలుసులు

ఒకప్పుడు మా ఊళ్ళో నది చేపలతో పాటు శవాలను కూడా తెచ్చేది. ఎగువన ఎవరెవరినో చంపి మా మగ్దలేనా నదిలో పడేసేవారు. మా జాలర్లు ఒడ్డుకు లాగేవారు. ఎవరో ఏమిటో తెలియని శవాన్ని శ్మశానం గోడలోని ఒక గూట్లో పెట్టి, పలక మీద నంబరు వేసేవారు. ఆపైన మాలో ఎవరో ఒకరు ఆ శవాన్ని పెంచుకునేవారు. పెంచుకోవడమంటే పెంచుకోవడమే. గూటికి రంగు వేస్తాం, పేరు పెడతాం, ప్రతి సోమవారం వెళ్ళి పలక మీద మూడుసార్లు తట్టి కష్టసుఖాలు చెప్పుకుంటాం. కావలసింది అడుగుతాం. వాళ్ళు ఇస్తారు కూడా.

నేను పెంచుకున్నవాడికి అన్సెల్మో అని పేరు పెట్టాను. ఒడ్డున వాడి ఒంటి మీద బురద కడిగింది నేనే. ఎడమ రొమ్ము నుంచి భుజం దాకా కాలిన మచ్చ. కుడికాలికి చిటికెనవేలు లేదు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. అంతా చూశాను. చూసి కూడా, ప్రేమకొద్దీ గూటికి నీలం రంగు వేస్తూ పలక మీది నంబరును కప్పేశాను. మా ఊళ్ళో అందరం చేసిన తప్పే ఇది. ఏళ్ళ తర్వాత ఆ శవాలెవరివో తేల్చడానికి ప్రభుత్వం మనుషులొచ్చి, "నంబరేదమ్మా? అది లేకపోతే ఏ కాగితం ఎవరిదో మాకెలా తెలుస్తుంది?" అని అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందుకే కథ రాశాను. బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మచ్చ, వేలు, వాడు నాకు చేసిన మేళ్ళు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. స్వీడన్ నుంచి హెడ్విగ్ అనే ఆవిడ అనువాదం చేస్తానంటే ఎగిరి గంతేశాను. పేరు కోసం కాదు. ఎగువ ఊళ్ళ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయినవాళ్ళు కొందరు ఆ దేశంలో ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఆ భాషలోనే చదువుతారు. ఎవరో ఒకరు ఆ మచ్చను గుర్తుపట్టకపోతారా అని నా ఆశ.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. పక్కింటి బెర్సబే ఆటపట్టించింది కూడా.

"ఏమే ఎదిల్మా, నీ శవం విదేశాల్లో పెద్ద హీరో అయిపోయాడంటగా! ఇంక మనకి మొహం చూపిస్తాడంటావా?"

మొన్న సోమవారం చెప్పాపెట్టకుండా హెడ్విగ్ మా ఇంటికొచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, ఎండకు మొహం కందిపోయింది. కాఫీ ఇస్తే తాగలేదు. సంచిలోంచి ఒక ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. రాసింది మా భాషలోనే.

"టీచరుగారికి, నా పేరు యమీలే. మా తమ్ముడు బెల్లం గానుగ దగ్గర పనిచేసేవాడు. మరిగే పాకం మీద పడి ఎడమ రొమ్ము నుంచి భుజం దాకా కాలింది. మీ కథలో శవానికి సరిగ్గా అక్కడే చేప పొలుసులున్నాయి. కుడికాలి చిటికెనవేలు లేదన్నారు, మావాడికీ లేదు. అక్టోబరు పన్నెండున ఇక్కడ ఆ పుస్తకం సభ జరిగితే, లేచి, ఈ మనిషి నిజంగా ఉన్నాడా అని అడిగాను. వేదిక మీదివాళ్ళు నవ్వారు. ఆ దేశం కథలంతే, అంతా మాయ, అదే వాటి అందం అన్నారు. సిగ్గేసి ఇంటికొచ్చేశాను. జనవరి పదకొండున మా అమ్మ పోయింది. ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను. ఉన్నాడా?"

ఉత్తరం రెండోసారి చదివాను.

"పొలుసులేంటి?" అన్నాను.

హెడ్విగ్ తల దించుకుంది. "మచ్చ అంటే మరీ మామూలుగా అనిపించింది టీచరుగారూ. చచ్చిపోయినవాడు మీ ఇంటి కప్పు కారకుండా చూస్తాడు, మీ మేనకోడలికి ఉద్యోగం ఇప్పిస్తాడు. అలాంటివాడి ఒంటి మీద కాలిన మచ్చేంటి అనుకున్నా. ఎలాగూ అంతా మీరు కల్పించిందే కదా అని..."

"కల్పించానా? తలెత్తి చూడు, ఎక్కడన్నా కారిందా నా కప్పు? నా మేనకోడలు ఆసుపత్రిలో నర్సు, కావాలంటే వెళ్ళి అడుగు!"

"అక్కడ చదివేవాళ్ళు ఇష్టపడేది ఆ మాయనే అండీ."

"ఎందుకు ఇష్టపడరు తల్లీ! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మనుషుల్ని నరికి ఏట్లో పడేస్తే, అదంతా మాయ అనుకోవడం ఎంత హాయి! ఎవరు నరికారని అడిగే పని ఉండదు." ఒళ్ళు మండిపోతోంది నాకు. "ఆ వేదిక మీద నువ్వున్నావా?"

"ఉన్నాను."

"నవ్వావా?"

"నవ్వాను," అంది.

చెయ్యి చేసుకునేదాన్నే. కానీ నంబరు చెరిపింది నేను, మచ్చ చెరిపింది ఆమె. నా అరుపుల్లో సగం నన్ను నేను తిట్టుకోవడమే. ఉత్తరం కింద ఉన్న నంబరుకు ఫోన్ చేయమన్నాను. చేసి నాకిచ్చింది.

"ఉన్నాడమ్మా," అన్నాను. "ఇరవై తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు."

అవతల ఏడుపు.

"వాడి పేరు రుబియెల్," అంది యమీలే.

"నాకు తెలియక అన్సెల్మో అని పిలిచాను తల్లీ."

"పలికేవాడా?"

"పిలిచిన ప్రతిసారీ."

"అమ్మ పిలిస్తే మాత్రం ఒక్కనాడూ పలికేవాడు కాదు, వెధవ," అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. తర్వాత అడిగింది. "పొలుసులు పెట్టినావిడ అక్కడుందా? ఒకసారి ఇవ్వండి."

ఇచ్చాను. ఆ స్వీడన్ భాషలో యమీలే ఏదో అడిగింది. హెడ్విగ్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఒక్క మాట చెప్పింది. అంతే, అవతల ఫోన్ పెట్టేశారు.

"ఏమడిగింది?" అన్నాను.

"ఆ రోజు సభలో మేము నిజం చెప్పి ఉంటే, కొడుకు దొరికాడని తెలిశాక వాళ్ళమ్మ ఎన్ని రోజులు బతికుండేదని."

"ఏం చెప్పావు?"

"తొంభై ఒకటి," అంది హెడ్విగ్.