జేబులో ఎడమ చెయ్యి

నూర్‌బీ కొడుక్కి చెప్పింది ఒకటే మాట. "ఎడమ చెయ్యి జేబుల నుంచి తియ్యకు బేటా. ఎవడన్న అడిగితే గడ్డ అయింది అను."

గడ్డ కాదు. తుపాకీ గుండు ముక్క. శనగగింజంత ఉంటుంది. బొటనవేలి కింద ఎముకల మధ్య దిగబడి కూర్చుంది.

పోలీసు యాక్షన్‌కు ముందు ఆ వానాకాలంలో ఆమె కొడుకు నాగూర్ బాషా జనగామ దగ్గర అమ్మమ్మ ఊళ్లో ఉన్నాడు. రజాకార్ల లారీ సాలెవాడ మీదికి వస్తోందని తెలిసి, ఆ సందుల వెంట ఉరికి, తలుపులు బాది జనాన్ని లేపాడు. తిరిగొస్తుంటే వెనకనుంచి కాల్చారు. కాల్చింది రజాకార్లు. తగిలింది తురక పిల్లవాడికి. మంగలి హజాం వచ్చి పైపైన కుట్టేసి, పసుపు కొట్టి, లోపలి ముక్క నా వల్ల కాదన్నాడు.

సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు, పోవలసినవాళ్లు ముందే తప్పించుకుని పోయారు. మిగిలింది సీతాఫల్‌మండి సందుల్లో బతికే బీదాబిక్కి. పక్కింటి లాల్ మియాను కాలి మీద కాలిన మచ్చ ఉందని, రజాకారువే అని పోలీసులు పట్టుకుపోయారు. చాయ్ డేగ్చీ పడి కాలిందిరా అని ఆయన మొత్తుకున్నాడు. ఇప్పటిదాకా తిరిగి రాలేదు. మచ్చకే మనిషి మాయమైతే గుండుకు ఏమవుతుంది? నూర్‌బీ భయం అదే. అందుకే ఆ చెయ్యి జేబులో.

అట్లాంటి రోజుల్లో జకర్యా మాస్టారు ఇంటికొచ్చాడు. గుంటూరు వైపు మనిషి. మిషన్ హైస్కూల్లో సైన్సు చెబుతాడు. అబద్ధమాడడు. ఆ సంగతి ఊరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

"పిల్లవాణ్ణి పంపమ్మా. పరేడ్ మైదానంలో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. క్లాసంతా వెళ్తోంది."

"వద్దు సార్. దినాలు మంచిగ లేవు."

"సైన్సుకు హిందువూ ముసల్మానూ లేరమ్మా. నేనున్నాను కదా."

"మీరున్నరు సార్. మిలిటరోళ్లు సుత ఉన్నరు గద."

తండ్రి నన్నే సాహెబ్ గిన్నెకు కళాయి పూస్తూ తలెత్తాడు. "పోనియ్యే. అందరు పోతుంటే వీడొక్కడే ఇంట్ల కూసుంటే ఇంకింత అనుమానం వస్తది."

అసలు మాట మాస్టారి చెవిన వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. అబద్ధమాడని మనిషికి రహస్యం చెబితే, రేపు పోలీసు అడిగినప్పుడు ఆయన ఏం చెబుతాడు? నూర్‌బీ చదువుకోలేదు గాని ఈ లెక్క ఆమెకు వచ్చు.

మర్నాడు పిల్లలంతా ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని రెజిమెంటల్ బజార్ మీదుగా నడిచారు. బాషా పక్కన లూకా. చిన్నప్పటి నుంచి ఒకే బల్ల.

ఎగ్జిబిషన్‌లో చూడనిది లేదు. ఆవిరితో పరుగెత్తే బొమ్మ రైలు, ఈ గుడిసెలో మాట్లాడితే ఆ గుడిసెలో వినబడే టెలిఫోను, చేత్తో తిప్పితే బల్బు వెలిగే యంత్రం. బాషా ఆ యంత్రం దగ్గర ఆగిపోయాడు. కుడిచేత్తో తిప్పాడు. బల్బు ఎర్రబడింది, పసుపయింది, తెల్లగా వెలిగింది. నాలుగు నెలల్లో మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వాడు.

"ఏందిరా నవాబ్ సాబ్, ఒక్క చెయ్యితోనే తిప్పుతున్నవ్?" అన్నాడు లూకా.

"రెండోది కిరాయికిచ్చిన."

"ఎవనికి?"

"మీ తాతకు. గోక్కునేటందుకు."

ఇద్దరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నల్లగుడ్డ డేరా వచ్చింది. మిలిటరీ ఆసుపత్రి నుంచి తెచ్చిన ఎక్స్‌రే మిషన్ అట. బయట బోర్డు: మీ ఎముకలు మీరే చూడండి. డేరా గుమ్మం దగ్గర మద్రాసు వైపు నుంచి వచ్చిన పోలీసు జమాదారు స్టూలు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు.

బాషా ఎడమచెయ్యి జేబులో ఇంకా లోపలికి దూర్చుకున్నాడు.

"నేను రాను సార్. కడుపు నొస్తున్నది."

వెనకనుంచి ఎవడో అన్నాడు. "తురకోడు బెదిరిండురో!"

"రజాకారుకు సుత భయమేనా?"

క్లాసు క్లాసంతా నవ్వింది. ఈ పిల్లలే నిన్నటిదాకా వాడి దగ్గర లెక్కలు చూసి రాసుకున్నవాళ్లు. జకర్యా మాస్టారి ముఖం కందగడ్డయింది. మంచివాడికి కోపం వస్తే ముందూ వెనకా చూడడు. పిల్లల బుద్ధి ఇవాళే కడిగేస్తాననుకున్నాడు.

"బాషా! నువ్వే ముందు. పద."

"సార్, వద్దు సార్..."

"నేనున్నాను కదరా."

లోపల చీకటి. యంత్రం గుయ్యిమంటోంది. తెల్లకోటు ఆయన చెయ్యి పలక వెనక పెట్టమన్నాడు. బాషా కుడిచెయ్యి పెట్టాడు. పలక మీద ఆకుపచ్చ వెలుగు, ఆ వెలుగులో నీడల్లా అయిదు వేళ్ల ఎముకలు. పిల్లలు అబ్బో అన్నారు. బాషా ఊపిరి పీల్చుకున్నాడు. అయిపోయింది. కుడిచెయ్యితో గట్టెక్కాడు.

"ఆగు. లూకా, నువ్వూ రా." మాస్టారి గొంతు ప్రార్థన చెప్పేటప్పటిలా వణికింది. లూకా వచ్చి బాషాకు ఎడమపక్కన నిలబడి తన చెయ్యి పెట్టాడు. ఇద్దరి మధ్య చీకట్లో మాస్టారు తడుముకుని, బాషా ఎడమచెయ్యి మణికట్టు పట్టుకుని జేబులోంచి లాగాడు. వాడు వెనక్కి గుంజుకున్నాడు. సిగ్గనుకుని ఆయన ఇంకా గట్టిగా పట్టి, లూకా చెయ్యి పక్కన ఆనించాడు.

"ఇప్పుడు చెప్పండ్రా! ఏది కిరస్తానీ చెయ్యి? ఏది తురక చెయ్యి? చెప్పండి!"

రెండు చేతులు పక్కపక్కన వెలిగాయి. అవే వేళ్లు, అవే కణుపులు. ఒకదాంట్లో, బొటనవేలి కింద, నల్లటి చుక్క.

చీకట్లోంచి ఒక గొంతు, మెల్లగా, పాఠం అప్పజెప్పినట్టు అంది. "గుండున్నదే తురకది సార్."

తెల్లకోటు ఆయన గబుక్కున మిషన్ ఆపాడు. ఆలస్యమైంది. ఒకడు అప్పటికే బయటికి ఉరికి జమాదారుకు చెప్పాడు. జమాదారు తెర ఎత్తి, బాషా చెయ్యి ఎండలోకి లాగి, కుట్టు మచ్చ మీద వేలు నొక్కాడు.

"ఎక్కడ తగిలిందిరా ఇది?"

ఒకేసారి రెండు గొంతులు పలికాయి. లూకా అన్నాడు, "పిట్టల తుపాకి సార్, చిన్నప్పుడు, మారేడ్‌పల్లిల." బాషా అన్నాడు, "రజాకార్లు కాల్చిన్రు సార్."

జమాదారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తురకోణ్ణి రజాకార్లు కాల్చారా? ఇంకా నయం, మీ అమ్మ కాల్చిందన్నావు కాదు." మాస్టారి వైపు తిరిగాడు. "ఏమండీ పంతులుగారూ, ఈ రెంట్లో ఏది నిజం? మీకు ముందు తెలుసా?"

లూకా మాస్టారి కోటు పట్టుకుని లాగాడు. అవును, పిట్టల తుపాకే అనాలి. ఒక్క ముక్క చాలు. మాస్టారి పెదవులు కదిలాయి. ముప్పై ఏళ్లుగా అలవాటు లేని నోరు తిరగలేదు.

"నాకు తెలియదు," అన్నాడు.

నిజమే చెప్పాడు. ఆ నిజానికి ఒక పిల్లవాడు బలి.

లారీ ఎక్కించేటప్పుడు ఆయన వెంట పరుగెత్తాడు. "వాడు మంచివాడండీ, చదువుకునే పిల్లవాడు, నేను పూచీ ఉంటాను!" "రేపు స్టేషనుకొచ్చి చెప్పుకోండి," అన్నాడు జమాదారు. లాల్ మియా భార్యకు చెప్పిందీ ఈ మాటే. ఆమె నాలుగు నెలలుగా ఆ రేపటి కోసం రోజూ స్టేషనుకు వెళ్తూనే ఉంది.

మాస్టారు లారీ అంచు పట్టుకున్నాడు. కళ్లద్దాలు జారిపోయాయి. "బాషా, మీ అమ్మకు ఏమని చెప్పనురా? ఏమని చెప్పను?"

బాషాకు అరవాలనిపించింది. ఆ చెయ్యి మీరే లాగిన్రు అని ఆ ముఖం మీద ఉమ్మాలనిపించింది. అమ్మ గుర్తొచ్చింది. ఈ ఊళ్లో ఆమె కొడుకును నమ్మి పంపింది ఈ ఒక్క మనిషి వెంట.

"నేనే చూపెట్టిన్నని చెప్పుండ్రి సార్."

"ఒరేయ్..."

"మీరని చెప్తే అమ్మ ఇంక ఎవ్వరిని నమ్మది. నేనే తీసిన్నని చెప్పుండ్రి. ఈ ఒక్కటన్న అబద్ధం ఆడుండ్రి సార్."

మాస్టారు తల ఊపాడో లేదో దుమ్ములో కనబడలేదు. లారీ కదిలింది. ఎడమచెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పక్కనున్న పోలీసు, "చెయ్యి బయట పెట్టు," అన్నాడు. బాషా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సీతాఫల్‌మండికి తిరిగే మలుపు వచ్చింది. లారీ తిరగలేదు.