లాకులో లాకు తప్పిపోయిన రోజు

నేను ఒక పడవను. పక్కన రంగుతో పేరు రాసి ఉండేది, అది రాలిపోయింది. ఇప్పుడందరూ ముసలి పడవ అంటారు, నేనేమీ అనుకోను. మద్దిచెక్కతో పొట్ట కట్టి, కీళ్ళలో దూది కుక్కి, గుగ్గిలం పూసి నన్ను గోదావరి కాలువలోకి తోసిన వడ్రంగి "ఇది నోరున్న పడవరోయ్!" అన్నాడు. నిజమే. గడకర్రతో నా పొట్ట మీద ఒక్కటిస్తే ఆ మోత ఊరవతలికి వినిపించేది.

మొదట ఒక షావుకారు నాచేత కొబ్బరికాయలు మోయించాడు. తరువాత ఇంకొకాయన పెంకులు మోయించాడు. మనుషులకంటే కొబ్బరికాయలే నయం సుమండీ, చోటు కోసం పోట్లాడవు. లారీలొచ్చాక నన్నడిగేవాళ్ళు లేకపోతే, పాతికేళ్ళు నా చుక్కాని పట్టిన సరంగు మహాలక్ష్ముడే నన్ను తన పెరటి రేవుకు తెచ్చుకున్నాడు.

లాకు తెలుసు కదా? కాలువ ఎత్తు మారేచోట పడవను రెండు తలుపుల మధ్య నిలిపి, నీళ్ళు నింపో, వదిలో ఎక్కించి దింపుతారు. మా పడవలవాళ్ళు లాకు ముందు ఆగి నా పొట్ట మీద మూడు దెబ్బలు కొట్టేవారు. తలుపు తియ్యమని దానర్థం. తలుపులు తిప్పే లస్కరుకు ఆ భాష తెలుసు. నేను రేవుకు చేరాక మహాలక్ష్ముడి భార్య వరాలమ్మ అవే మూడు దెబ్బలతో కుక్కల్ని అన్నానికి పిలవడం మొదలుపెట్టింది.

కుక్కలు రెండు. బూరె అనేది కుర్రది, గుండ్రంగా ఉంటుంది. రెండోది ముసలిది, ఒక చెవి తెగింది, రెండో చెవి సరిగా వినపడదు. పిల్లగా ఉన్నప్పుడు చింతలంక లాకు గట్టున మహాలక్ష్ముడికి దొరికింది కాబట్టి దాని పేరే లాకు. అంతకంటే మంచి పేరు ఆయనకు తట్టలేదు. మనవరాలు హాసినికి అది లేనిదే ముద్ద దిగదు.

దసరా సెలవులకు అందరూ నా మీద షికారు బయల్దేరారు. ముసలాయన చుక్కాని దగ్గర, కొడుకు ధర్మారావు గడతో, మామ్మ పులిహోర గిన్నెతో, హాసిని కుక్కల మధ్య. బూరె ప్రతి బాతునూ మొరిగి పలకరించింది. ఇన్నేళ్ళకు నా మీద మళ్ళీ నవ్వులు మోగాయి.

చింతలంక లాకులోకి వెళ్ళాం. వెనక తలుపులు మూశారు. నీళ్ళు దిగుతున్నాయి, గోడలు లేస్తున్నాయి. అప్పుడు హాసిని లేచి చుట్టూ చూసింది.

"మామ్మా, లాకేది?"

బూరె ఒక్కతే ఉంది. వరాలమ్మ గోడ మీదున్న లస్కరును కేకేసింది.

"బాబూ, మా లాకు కనపడ్డంలేదయ్యా!"

లస్కరు వంగి చూశాడు. "లాకు కనపడకపోవడమేంటమ్మా? లాకులోనే ఉన్నారు గదా!"

"ఇది కాదయ్యా! మా లాకు! గోధుమరంగుది, ఓ చెవి తెగింది!"

"చెవి తెగిన లాకా?" లస్కరు ముసలాయన వైపు తిరిగాడు. "బాబాయ్, పిన్నిగారికి ఎండ తగిలినట్టుంది, కాస్త మజ్జిగ పట్టించు."

"కుక్కండీ! మా కుక్క!" హాసిని ఏడుపు అందుకుంది. "నీళ్ళలో పడిపోయిందేమో!"

లస్కరు నవ్వు ఆగిపోయింది. ఆ సుడిలో పడితే పెద్ద కుక్కే తేలదు. గబగబా చక్రం తిప్పి నీళ్ళు ఆపేశాడు. నలుగురూ నాలుగు గొంతులతో పిలిచారు. వినపడని చెవికి ఎన్ని గొంతులైతే ఏం లాభం? ధర్మారావు చొక్కా విప్పి నీళ్ళలోకి దూకబోయాడు.

"ఆగరా!" అన్నాడు మహాలక్ష్ముడు. కొడుకు చేతిలో గడ లాక్కుని నా పొట్ట మీద కొట్టాడు. ఒకటి, రెండు, మూడు.

నా వయసు మరిచిపోయి అరిచాను. రాతిగోడల మధ్య ఆ మోత పదింతలైంది. పాత అలవాటు ఊరుకోదు కదా, లస్కరు చెయ్యి దానంతటదే చక్రం మీదికి పోయింది.

"నిన్ను కాదురా, లాకుని పిలిచాను!"

"లాకుని పిలిస్తే నేను గాక ఇంకెవరు పలుకుతారు బాబాయ్?"

అప్పుడే గట్టు మీదున్న లస్కరు గదిలోంచి లాకు బయటికొచ్చింది. నీళ్ళు దిగకముందు, నేను గట్టుకు సమంగా ఉన్నప్పుడే దూకేసిందన్నమాట. నోట్లో ఇంత కొర్రమీను ముక్క.

"ఓరి దీన్ని... నా కూర!" లస్కరు నెత్తి కొట్టుకున్నాడు. "ఈ లాకుకి ఓ తాళం వేసుకోండమ్మా!"

"అది పుట్టిల్లయ్యా దానికి," అంది వరాలమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే. "పుట్టింటికొచ్చింది ఖాళీ చేతుల్తో వెళ్తుందా?" గోడ మెట్ల మీదుగా సగం పులిహోర లస్కరుకు పంపింది. ఆ మెట్ల మీదే లాకు దిగివచ్చి, ముక్క వదలకుండానే హాసిని ఒళ్ళో కూర్చుంది.

ఇదంతా జరిగి మూడేళ్ళు. నాకు చిల్లులు పడ్డాయి, పెరట్లో బోర్లా పడి ఉన్నాను. మొన్న ధర్మారావు నన్ను వంటచెరకు కింద కొట్టించేస్తానన్నాడు. హాసిని ఒకే ఒక్క మాట అడిగింది.

"అయితే లాకుని దేంతో పిలుస్తాం నాన్నా?"

గొడ్డలి మళ్ళీ చూరులోకి పోయింది.

పొద్దున వరాలమ్మ అన్నం కలిపి, నా వీపు మీద మూడు దెబ్బలు వేస్తుంది. బూరె పరిగెత్తుకొస్తుంది. లాకుకు ఇప్పుడు బొత్తిగా వినపడదు. అందుకని నా కిందే పడుకుంటోంది, మోత వెన్నులో తెలుస్తుంది కదా. బూరె వచ్చేసరికే గిన్నె దగ్గర ఉంటుంది.