పిడికిలి డబ్బా

"పిడికిలి జర చిన్నగ పట్టు సరోజా. మనదేం ధర్మసత్రం కాదు."

పొయ్యి మీద ఎసరు పెట్టి, చాటలో బియ్యం ఏరి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం మా కిరస్తానీ గుడిలో ఆడవాళ్ళందరికీ అలవాటు. ఇంట్లో మగదిక్కు లేనివాళ్ళకు, మంచాన పడ్డవాళ్ళకు ఆ పిడికెళ్ళే ఆధారం. ఆదివారం గుడిలో దాని గురించి గొంతు వణికేలా చెప్పేది మా ఆయన సాంసన్. ముసలమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు. ఇంటికొచ్చాక మాత్రం గడపలో కూర్చుని నా పిడికిలి కొలుస్తాడు. చెప్పేది ఒకరు, చేసేది ఒకరు అంటారు కదా, మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒక మంచం మీదే పడుకుంటారు.

రఘునాథపల్లి టేషను పక్కనున్న మా ఊళ్ళో బడీ గుడీ ఒకే గూనపెంకుల ఇల్లు. ఆయన పంతులు, జీతం ఉంది. నేను పంతులమ్మను, జీతం లేదు. గుడి ఊడ్చడం, అలకడం, పైనుంచి వచ్చే మిషను దొరలకు కోడి కోసి వండటం, ఎవరికైనా నొప్పులొస్తే పరుగెత్తడం, శనివారం శనివారం డబ్బా పట్టుకుని వాడంతా తిరగడం నా వంతు. ఎప్పుడో ఒక తెల్ల దొరసాని వదిలి వెళ్ళిన బిస్కట్ల రేకు డబ్బా అది. చెయ్యి దూరేంత నోరు కోసి, మూతకు తాళం వేశారు. మోసేది నేను, తాళంచెవి సాంసన్ మొలతాడుకు. "నీ మీద నమ్మకం లేక కాదే, పద్ధతి గట్ల" అన్నాడు కొత్తలో. నేను కూడా పద్ధతే అనుకున్నాను. ఎన్నో వాటిని పద్ధతే అనుకున్నాను.

ఆ డబ్బాలో పడేవి బియ్యమే అనుకునేరు. కూలికిపోయే ఇళ్ళల్లో రోజూ బియ్యమెక్కడివి? ఒకామె జొన్నలు వేస్తుంది, ఒకామె నూకలు, ఇంకొకామె సజ్జలు, దొర పొలంలో కోతకు పోయినామె ఎర్ర బియ్యం. అన్నీ కలిసి పడేవి. వండితే ఒక గింజ ఉడికి ఇంకో గింజ పలుకుగా ఉంటుంది. అయినా తీసుకున్నవాళ్ళు ఎన్నడూ వంక పెట్టలేదు. అలాంటి కలగలుపు గింజలు వాడలో ఎవరి కుండలో కనబడ్డా అవి డబ్బావేనని చిన్నపిల్లలు కూడా చెప్పేవారు.

మిలట్రీ వచ్చి నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు అది. పారిపోయిన దొర గడీలో మిలట్రీ వాళ్ళు క్యాంపు పెట్టారు. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు అడవిలో కమ్యూనిస్టు దళంలో ఉన్నారని వాళ్ళ అనుమానం. బుచ్చమ్మ మొగుడు పెద్దులు కనబడక ఆరు నెలలైంది. ఆమెకు చంటిపిల్ల, కళ్ళు కనబడని అత్త నర్సవ్వ. ఆ పిల్లకు నీళ్ళు చల్లి కరుణ అని పేరు పెట్టింది సాంసనే. "ఈ నెల డబ్బా మన సోదరి బుచ్చమ్మకు" అని గుడిలో నలుగురి ముందూ చెప్పిందీ ఆయనే. తాళం తీసిచ్చాడు, నేను తీసుకుపోయి ఆమె కుండలో పోసి వచ్చాను.

"పంతులమ్మా, నీకేమో పిల్ల నిలువకపాయె. నా పిల్లకు పెట్టవడితివి" అంది బుచ్చమ్మ. చేతిలో గింజలు పట్టుకుని అలాగే నిలబడింది. ఏడవలేదు. నాకు నెలలు నిండకుండా పోయిన బిడ్డ గురించి నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆమే. మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు, దేవుని చిత్తం అని మూత పెట్టేశారు.

దళానికి కూడా ఇంటికింత చొప్పున గింజలు పోగుచేసి పంపేవాళ్ళున్నారు. క్యాంపు వాళ్ళకు దాంతో ఒక తెలివి పుట్టింది. ఎవరి కుండలోనైనా నాలుగు రకాల గింజలు కలిసి కనబడితే, అది దళం కోసం పోగుచేసిందేనని లెక్క. మాకు ఆ సంగతి తెలియదు. తెలిసుంటే ఏ రకానికి ఆ రకం ఏరి ఇచ్చేదాన్ని. రాళ్ళు ఏరే చేతులకు జొన్నలు ఏరడం ఎంతసేపు?

సోదాకు వచ్చిన రోజు మగవాళ్ళందరినీ చావడి ముందు ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. సాంసన్‌ను మాత్రం పంతులని చెట్టు నీడన నిలబెట్టారు. బుచ్చమ్మ కుండను జమేదారు ముందు బోర్లించారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి అతను, మా మాటకు నవ్వుతాడు. జొన్నలు, సజ్జలు, ఎర్ర బియ్యం దుమ్ములో పరుచుకున్నాయి.

"ఎన్ని ఇళ్ళల్లో పోగుచేశావే? ఎవరికి పంపిస్తున్నావు?" అన్నాడు.

"గుడోళ్ళు ఇచ్చిండ్రు సారూ. నా పిల్ల కోసం" అంది బుచ్చమ్మ. పిల్ల ఆమె చంకలోనే ఉంది.

నేను సాంసన్ వైపు చూశాను. ఒక్క మాట చాలు. అవి మా గుడి గింజలు, నేనే తాళం తీసిచ్చాను అంటే చాలు. ఆయన తన చెప్పుల వైపు చూస్తున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మగవాళ్ళు మాట్లాడుతుండగా నేను నోరు తెరవలేదు. ఆ రోజు నా కాళ్ళే నన్ను ముందుకు తీసుకుపోయాయి.

"ఆ గింజలు మా గుడి డబ్బావి సారూ. నేనే ఇంటింటికి తిరిగి తెచ్చిన, నేనే ఆమె కుండల పోసిన. ఈ వాడల ఏ ఆడమనిషినైనా అడుగుండ్రి."

ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. వాళ్ళను ఏమీ అనలేను. వాళ్ళ మగవాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు, వెనకాల తుపాకులున్నాయి. జమేదారు నన్ను పైనుంచి కిందికి చూసి, సాంసన్ వైపు తిరిగాడు. నేను చెప్పింది నిజమో కాదో చెప్పాల్సింది ఆయన.

"ఏం పంతులూ, మీ ఆవిడ చెప్పేది నిజమేనా?"

అధికారులతో మాట్లాడేటప్పుడు సాంసన్ పుస్తకాల భాష మాట్లాడతాడు, అండీ అండీ అంటాడు. "ఆ బియ్యం మావి కావండి" అన్నాడు. "మా ఆవిడకు బిడ్డ పోయిన దగ్గర్నుంచి మనసు సరిగా లేదండి. ఏదేదో మాట్లాడుతుందండి."

జమేదారు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు జాలిగా చూశారు. మూత పెట్టేసిన నా బిడ్డను ఆయన అలా చావడి ముందు, అంతమంది మధ్య, తనకు అవసరమైనప్పుడు బయటికి తీశాడు. అప్పుడు నాకు కలిగింది కోపం కూడా కాదు. లోపల ఏదో ఒకటి చల్లబడిపోయింది, ఇక రాజేసినా అంటుకోదు.

బుచ్చమ్మను లారీ ఎక్కించేటప్పుడు పిల్లను నా చేతుల్లో పెట్టింది. "నువ్వు చెప్పినవక్కా" అంది. అంతే అంది.

ఇంటికొచ్చాక సాంసన్ గ్లాసెడు నీళ్ళు తాగి, మంచం మీద కూలబడ్డాడు. "నిన్ను కాపాడిన నేను. పిచ్చిదన్న కాబట్టి ఇడిసిపెట్టిండ్రు. లేకుంటే నువ్వు గూడ గా లారీల ఉండేదానివి. బడి మూసేస్తుండె, నౌకరి పోతుండె. గది అర్థమైతదా నీకు?" అన్నాడు. అది నిజమే కావచ్చు. నన్ను కాపాడాడు. కాపాడటానికి నా మాటను చంపాల్సి వచ్చింది, అందుకు ఆయనకు ఏమీ అనిపించలేదు. "బువ్వ పెట్టు" అన్నాడు ఆ తర్వాత. పెట్టాను. పెట్టినందుకు ఇప్పటికీ నా చేతుల మీద నాకు అసహ్యం.

లారీ జనగామ దాటడం చూసినవాళ్ళున్నారు. ఆ తర్వాత ఆమె సంగతి ఎవరికీ తెలియదు. నర్సవ్వ తడుముకుంటూ గంజి కాచి పిల్లకు పట్టిస్తోంది. నేను పోయినప్పుడల్లా నా అడుగుల చప్పుడు విని, "బుచ్చీ" అంటుంది.

శనివారం వచ్చింది. "డబ్బా తిప్పాలె గదా" అన్నాడు సాంసన్, ఏమీ జరగనట్టే. తీసుకుపోయాను. ఒక్క తలుపూ మూసి లేదు. ప్రతి ఇంట్లోనూ ఆడమనిషి బయటికొచ్చి, మూసిన పిడికిలి డబ్బా నోట్లో పెట్టి, లోపల తెరిచి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎక్కడా గింజ పడిన చప్పుడు కాలేదు. ఖాళీ పిడికిళ్ళు. ఇవ్వనని నా ముఖం మీద అనలేరు, ఇస్తే రేపు ఆ గింజలు ఎవరి మెడకు చుట్టుకుంటాయో తెలియదు. చివరి ఇంటి దగ్గర లచ్చక్క నా కళ్ళలోకి చూడకుండా, "ఏమనుకోకు పంతులమ్మా" అంది. ఏమీ అనుకోలేదు. ఇన్నేళ్ళు నేను మోసినదాని బరువెంతో ఆ ఖాళీ డబ్బాతో నడిచినప్పుడే తెలిసింది.

ఆదివారం గుడిలో సాంసన్ బుచ్చమ్మ కోసం ప్రార్థన చేశాడు. గొంతు వణికింది. ముసలమ్మలు కళ్ళు ఒత్తుకున్నారు. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ గొంతు వణుకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. గుడి గోడలకు సున్నం వేసింది నేను, ఆ చాపలు పరిచింది నేను, ఆయన మాటకు నిజం తెచ్చిపెట్టింది ఈ ఆడవాళ్ళ పిడికిళ్ళు. ఆయన దగ్గర ఉన్నది తాళంచెవి ఒక్కటే.

ప్రార్థన ముగియకముందే లేచి ఇంటికి వచ్చాను. నెల జీతంతో కొన్న బియ్యం బానలో ఉన్నాయి, అన్నీ ఒకే రకం, తెల్లగా. క్యాంపు వాళ్ళు చూసినా ఏ వంకా పెట్టలేరు. బాన అడుగు కనబడేదాకా తోడి గంపకెత్తుకుని, పట్టపగలు చావడి ముందు నుంచే నడిచి, నర్సవ్వ కుండలో పోశాను. మిగిలినవి మూటగట్టి పిల్ల ఊయల కింద పెట్టాను. ఇవెన్నాళ్ళొస్తాయి? బుచ్చమ్మ వచ్చేదాకా రావు. బుచ్చమ్మ వస్తుందని నాకు నమ్మకం లేదు, ఆ ముసలామెకు ఆ మాట చెప్పలేదు.

నేను తిరిగి వచ్చేసరికి సాంసన్ పీట వేసుకుని కూర్చున్నాడు. ముందు ఖాళీ పళ్ళెం. పొయ్యి చల్లగా ఉంది. లేచి బానలో చెయ్యి పెట్టి, అడుగు గీకి, నా వైపు తిరిగాడు.

"ఇండ్లున్న బియ్యమేమైనయి సరోజా? మనం తినేటియి."

చెంబెడు నీళ్ళు తెచ్చి ఆయన పళ్ళెం పక్కన పెట్టాను. పెళ్ళయిన దగ్గర్నుంచి మొదటిసారి ఆయన భాషలో, ఆయన గొంతుతో చెప్పాను.

"ఆ బియ్యం మావి కావండి."