తొమ్మిదో ఇన్నింగ్స్ కుర్చీ

1989 సెప్టెంబరు పదహారు, శనివారం. ఆ సాయంత్రం లెనార్డ్ హుడాక్ ఇంట్లో తిన్నది క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి టమాటా రసంలో ఉడికించిన పొట్లాలు, నల్ల రొట్టె. తేదీ, తిండి రెండూ అతని మిత్రులకు కూడా కంఠతా వచ్చు. ఆ రోజు ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, సరస్సు ఒడ్డునున్న వాళ్ల ఊరి బేస్‌బాల్ జట్టు రెండు పరుగులు వెనకబడి ఉంది. లెనార్డ్ భార్య రోజలీ బల్ల మీది గుడ్డ దులపడానికి వంటింటి వెనక వరండాలోకి వెళ్లింది. ఆమె గడప దాటగానే టీవీలో బంతి మైదానం గోడ దాటింది. కేకలు విని ఆమె లోపలికి తొంగిచూడగానే తర్వాతి బ్యాటర్ అవుటయ్యాడు.

"రోజలీ, నీకు పుణ్యముంటుంది, మళ్లీ బయటికెళ్లవూ," అన్నాడు ఆట చూడటానికొచ్చిన మిత్రుడు క్లెమ్ వర్గా. ఆమె నవ్వి వెళ్లింది. జట్టు గెలిచింది.

ఇక అదే చట్టమైపోయింది. ఆఖరి ఇన్నింగ్స్ మొదలైతే చాలు, లెనార్డ్, క్లెమ్, ఇంకో మిత్రుడు విన్స్ ముగ్గురూ ఆమె వైపు చూసేవాళ్లు. ఆమె కోటు తొడుక్కుని వరండాలోకి వెళ్లేది. అక్కడ ఆమె కోసం ఒక మడత కుర్చీ వేశారు. అరుపులు వినబడాలని లెనార్డ్ తలుపు ఓరగా తెరిచి ఉంచేవాడు. ఓడిన రోజు కూడా చట్టం మీద ఎవరికీ అనుమానం కలగలేదు. ఆమె కాస్త ఆలస్యంగా బయటికెళ్లిందనేవాడు క్లెమ్.

అలా ఏళ్లు గడిచాయి. మొన్న ఏప్రిల్‌లో, ఆటలు మొదలైన వారంలోనే రోజలీ పోయింది. ఎవరూ లెక్కలో వేసుకోని జట్టు ఆ ఏడాదే ఫైనల్‌కి చేరింది. ఏడు ఆటల్లో నాలుగు గెలిచినవాళ్లది ట్రోఫీ. మొదటి ఆట రేపే.

ఊళ్లో రొట్టెల దుకాణంలో కూడా ఎవరూ 'గెలుస్తాం' అనడం లేదు. 'చూద్దాం' అంటున్నారు. క్లెమ్ జూలై నుంచి టోపీ ఉతకలేదు. దాన్ని బయట కారులో వదిలి రమ్మని అతని భార్య గట్టిగా చెప్పేసింది. విన్స్ ఎడమ మేజోడు తిరగేసి తొడుగుతున్నాడు. జట్టులో బంతి విసిరే ముఖ్యమైన ఆటగాడి మోచెయ్యి నొప్పి గురించి పేపర్లో వచ్చింది చదివి ఇద్దరూ భోజనం సగంలో ఆపేశారు.

ఆ సాయంత్రం వాళ్లిద్దరూ లెనార్డ్ ఇంటికొచ్చింది మాత్రం మోచెయ్యి గురించి కాదు, కుర్చీ గురించి. సెమీఫైనల్లో ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. అలవాటు కొద్దీ లెనార్డ్ తలుపు ఓరగా వదిలాడు, జట్టు గెలిచింది. కాబట్టి ఫైనల్ అయ్యేదాకా, రాత్రింబవళ్లు, ఆ తలుపు ఎవరూ వెయ్యకూడదని క్లెమ్ తీర్పిచ్చాడు. సెమీఫైనల్‌కి తలుపు సరిపోయింది గాని ఫైనల్‌కి మనిషి కావాలని విన్స్ వాదన. తన మరదలు బెర్నీస్ ఖాళీగానే ఉందట, పిలిస్తే వస్తుందట.

లెనార్డ్ వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం అతను చూడలేడు. దాని అడుగున ఇంకో సంగతి ఉంది. అన్నేళ్లుగా గెలిపించే దెబ్బ పడ్డ ప్రతిసారీ రోజలీ బయట చలిలో ఉంది. తమ మూఢనమ్మకం కోసం ఆమె ఒక్క గెలుపూ కళ్లారా చూడకుండా పోయింది. ఏప్రిల్ నుంచి అతన్ని తొలుస్తున్నది అదే.

"రేపటికల్లా తేల్చు, లెన్నీ," అని క్లెమ్ లేచాడు. "ఊరంతా ఓడిపోతే నన్నడక్కు."

వాళ్లు వెళ్లిన కాసేపటికి పక్కింటి జెనీవీవ్ పెరటి గుండా వచ్చింది. ఆమె చేతిలో అతని గిన్నె, గిన్నెలో ఆమె చేసిన సూప్.

"తలుపు తీసి పెట్టి ఇంట్లో వేడంతా ఎవరికి పంపుతున్నావ్, సరస్సుకా?"

"వెయ్యకూడదు. క్లెమ్ ఒప్పుకోడు."

"క్లెమ్ బుర్ర మోకాల్లో ఉంది."

లెనార్డ్ ఆమెకు కుర్చీ తగాదా చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఇంత చలిలో రోజలీ ఎలా కూర్చుందో తానెప్పుడూ అడగలేదన్నాడు.

జెనీవీవ్ గిన్నె బల్ల మీద పెట్టింది. "ఎవరు కూర్చుంది?"

"రోజలీ."

"మొదటి ఏడాది కూర్చుందేమో. తర్వాత ఆమెకేం ఖర్మ? మీరు టీవీ వైపు తిరిగేలోపు మా వంటింట్లో ఉండేది. స్టవ్ పక్కన కూర్చుని నా చిన్న టీవీలో మొత్తం చూసేది. మీకు వినబడకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకుని మరీ అరిచేది."

"మరి లోపలికొచ్చి, ఏమైంది, ఏమైంది అని అడిగేదిగా?"

"ముగ్గురు మగాళ్లు చెప్పడానికి పడిచస్తుంటే అడక్కుండా ఎలా ఉంటాననేది."

లెనార్డ్ తన భుజం తడుముకున్నాడు. లోపలికొచ్చి అతని భుజం పట్టుకున్నప్పుడు రోజలీ చెయ్యి ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. కోటు జేబుల వల్ల అనుకునేవాడు.

"అన్నీ చూసిందా?"

"అన్నీ. రేపు నువ్వు రా, స్టవ్ పక్కన ఆమె కుర్చీ అలాగే ఉంది. క్లెమ్‌కి మాత్రం చెప్పకు. పాపం, వాడు తట్టుకోలేడు."

ఆమె వెళ్లాక లెనార్డ్ సూప్ తాగి, గిన్నె కడిగి, క్లెమ్‌కి ఫోన్ చేశాడు. రేపు బయటికి తానే వెళతానన్నాడు.

"కోటేసుకో మరి," అన్నాడు క్లెమ్. "రోజలీ వేసుకునేది."

"వేసుకుంటా."

"తలుపు?"

లెనార్డ్ అటు చూశాడు. "ఓరగానే ఉంది."

అది నిజమే. ఫోన్ పెట్టేశాక అతను వరండాలోకి వెళ్లి, కుర్చీ మీద పడ్డ ఆకులు దులిపి, దాన్ని అక్కడే ఉంచాడు. పక్కింటి వంటింట్లో దీపం వెలుగుతోంది. లోపలికొచ్చి, నాలుగు వీధుల అవతలున్న క్లెమ్‌కి వినబడకూడదన్నంత మెల్లగా తలుపు వేసుకున్నాడు.